కండెన్సర్ కింద తెల్లచార: ఆవిరి, ఉప్పునీటి ప్రయోగంలో కొలత దారి తప్పిన ఒక కేసు

నేపథ్యం

మిర్యాలగూడ చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక బాయిలర్లను, ఆవిరి లైన్లను, బాయిలర్ నీటి పరీక్షలను చూసి సలహా ఇవ్వడం నా వృత్తి. భూగర్భపు వేడితో కరెంటు తీయడం గురించి చదివానే తప్ప ఎన్నడూ చేతితో ముట్టలేదు. అందుకే నల్లగొండ జిల్లాలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల మెకానికల్ విభాగం నుంచి పిలుపు వచ్చినప్పుడు, నాకు తెలిసింది మిల్లు ఆవిరి మాత్రమేనని ముందే చెప్పాను. పిలిచిన అధ్యాపకుడు, తమకు కావలసింది కూడా ఆవిరి తెలిసిన మనిషేనని అన్నారు. కళాశాల, మనుషుల ఆనవాళ్లు దొరకకుండా కొన్ని వివరాలను ఇక్కడ వదిలేశాను. అంకెలను మాత్రం నోటుబుక్కులో ఉన్నట్టే ఉంచాను.

మా కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. బోరు వేస్తే వచ్చేది గోరువెచ్చని ఫ్లోరైడు నీరు. భూతాపశక్తి కోసం మన రాష్ట్రంలో చూడవలసిన చోటు గోదావరి లోయ. అక్కడ మణుగూరు ప్రాంతంలో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రం పెట్టింది. ఆ వార్త చదివే ఈ విద్యార్థి బృందానికి ఆసక్తి కలిగింది. అయితే మణుగూరు పద్ధతిలో వేడినీరు తన వేడిని తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే మరో ద్రవానికి అందిస్తుంది, టర్బైను తిప్పేది ఆ ద్రవపు ఆవిరి. ఈ విద్యార్థులు ఎంచుకున్నది అంతకంటే వేడి క్షేత్రాల్లో ఎదురయ్యే సమస్య. లోతులో ఒత్తిడి కింద మరగకుండా ఉన్న ఉప్పునీరు బావిలో పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి, అందులో కొంత భాగం ఆవిరిగా విడిపోతుంది. అక్కడి నుంచి ఆవిరి, ఉప్పునీరు ఒకే గొట్టంలో కలిసి ప్రయాణిస్తాయి. న్యూజిలాండ్‌లోని వైరాకెయ్ కేంద్రం 1958లో పని మొదలుపెట్టిన నాటి నుంచి ఇలాంటి క్షేత్రాల్లో ఇంజనీర్లకు పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: గొట్టంలో పోతున్న దానిలో ఆవిరి ఎంత, నీరు ఎంత?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది కానీ జవాబు అంత సులువుగా దొరకదు. వీళ్ల ప్రయోగంలో ఆవిరి వాటా బరువులో ఏడు శాతం దగ్గర ఉంటుంది. అదే ఆవిరి 1.5 బార్ ఒత్తిడి దగ్గర గొట్టంలోని ఘనపరిమాణంలో దాదాపు 99 శాతాన్ని ఆక్రమిస్తుంది. బరువు చూస్తే గొట్టం నిండా నీరు, చోటు చూస్తే గొట్టం నిండా ఆవిరి. నీటి కోసం చేసిన మీటరుకూ ఆవిరి కోసం చేసిన మీటరుకూ కూడా ఇది అర్థం కాదు.

వాళ్లు కట్టిన పరికరం ఇది. 200 కిలోల ఉప్పునీరు పట్టే ట్యాంకు నుంచి ఒక పంపు సెకనుకు 60 గ్రాముల చొప్పున నీటిని తోస్తుంది. 24 కిలోవాట్ల విద్యుత్ హీటరు దాన్ని 150 డిగ్రీలకు వేడి చేస్తుంది, ఒత్తిడి ఎక్కువగా ఉంచడం వల్ల అక్కడ అది మరగదు. తర్వాత ఒక వాల్వు దగ్గర ఒత్తిడి 1.5 బార్‌కు పడిపోయి నీటిలో కొంత ఆవిరిగా మారుతుంది. అక్కడి నుంచి 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న అడ్డం గొట్టంలో 3 మీటర్లు ప్రయాణిస్తుంది, మధ్యలో ఒక గాజు ముక్క ద్వారా ప్రవాహం కంటికి కనిపిస్తుంది. చివర సెపరేటరులో నీరు కిందికి, ఆవిరి పైకి వెళ్తాయి. ఆవిరిని బోరు నీటితో చల్లబడే కండెన్సర్‌లో తిరిగి నీరుగా మార్చి తూకం వేస్తారు. ఉప్పు బరువులో 3 శాతం. వేడి భాగమంతా మందమైన కార్బన్ స్టీలు. స్టెయిన్‌లెస్ స్టీలు వాడకపోవడం వాళ్లు తీసుకున్న మంచి నిర్ణయం, ఎందుకంటే వేడి క్లోరైడు నీటిలో అది పైకి మెరుస్తూనే ఉండి ఒకరోజు హఠాత్తుగా పగుళ్లిస్తుంది.

నేను వెళ్లేసరికి ఒక అధ్యాయం ముగిసింది. మొదట ఉప్పును బోరు నీటిలోనే కలిపారట. మూడు వారాల్లో హీటరు కడ్డీలకు సున్నం పేరుకుంది, ఒత్తిడి తగ్గించే వాల్వు బిగుసుకుపోయింది. నీరు ఆవిరిగా విడిపోయే చోట కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడు కూడా ఆవిరితో వెళ్లిపోతుంది, దాంతో నీటిలోని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడి సరిగ్గా అక్కడే అంటుకుంటుంది. నిజమైన భూతాప బావుల్లోనూ గొట్టం పూడుకుపోవడం ఎక్కువగా ఈ చోటు దగ్గరే మొదలవుతుంది. పిల్లలు దీన్ని ఒక చికాకుగా భావించి ఆర్వో నీటికి మారారు. నాకైతే వాళ్ల ప్రయోగం తనకు తెలియకుండానే నేర్పిన మొదటి పాఠం అదేననిపించింది. ఈ మార్పు ముందు ముందు ఒక చిక్కుముడి విప్పడానికి పనికొచ్చింది.

నన్ను పిలిచిన సమస్య

పది నిమిషాల పరుగులో, అంటే పరికరాన్ని ఒక విడత నడిపినప్పుడు, 36 కిలోల ఉప్పునీరు పోతే కండెన్సర్ కింద 3.2 కిలోల నీరు చేరుతోంది. అంటే ఆవిరి వాటా 8.9 శాతం. ఏ ఉష్ణోగ్రత, ఒత్తిడి దగ్గర నీటిలో, ఆవిరిలో ఎంత వేడి ఉంటుందో చెప్పే స్టీమ్ టేబుల్స్ ప్రకారం లెక్క వేస్తే, 150 డిగ్రీల నీటిలో కిలోకు 632 కిలోజౌళ్లు, 1.5 బార్ దగ్గర మరిగే నీటిలో 467 కిలోజౌళ్లు. మిగిలిన 165ను ఆవిరి కావడానికి కావలసిన 2226తో భాగిస్తే 7.4 శాతం వస్తుంది. రాగల ఆవిరి కంటే వచ్చిన ఆవిరి ఎక్కువగా ఉంది.

ఇది చిన్న తేడా అని వదిలేయగలిగింది కాదు. వాళ్ల ప్రధాన ఫలితం గొట్టంలో ఒత్తిడి ఎంత పడిపోతుందన్నది. 8.9 శాతం ఆవిరి ఉందనుకుని, ఆవిరి, నీరు కలిసి పారే గొట్టంలో ఒత్తిడి నష్టాన్ని అంచనా వేసే 1949 నాటి లాక్‌హార్ట్, మార్టినెల్లి సూత్రంలో పెడితే 3 మీటర్లకు 1.6 కిలోపాస్కల్ రావాలి, వాళ్ల గేజీలో వచ్చింది 1.35. ఈ తేడాను ఉప్పు ప్రభావంగా భావించి ఒక సవరణ గుణకం ప్రతిపాదిస్తూ పత్రం రాయడం అప్పటికే మొదలుపెట్టారు. ఆ సూత్రం ఎంత బాగా పనిచేసినా ముప్పై శాతం అటూ ఇటూ పోవడం మామూలే కాబట్టి, అంత తేడా మీద గుణకం కట్టడమే తొందరపాటని నా అభిప్రాయం. ఆ మాట అప్పుడు గట్టిగా అనలేదు, ఎందుకంటే నా దగ్గర వేరే జవాబు ఇంకా లేదు.

మొదట తనిఖీ చేసినవి

ఏ మిల్లుకు వెళ్లినా నేను మొదట చూసేది ఉష్ణోగ్రత, ఒత్తిడి గేజీలు. ఇక్కడ 150 డిగ్రీలు నిజంగా 150 అవునా? ఆవిరి వాటా 8.9 రావాలంటే నీరు దాదాపు 158 డిగ్రీలు ఉండాలి. థర్మోకపుల్‌ను తీసి మరుగుతున్న నీటిలోనూ, నేను తెచ్చిన మరో థర్మామీటరు పక్కన నూనె స్నానంలోనూ పెట్టి చూశాం. తేడా ఒక డిగ్రీ లోపే. సెపరేటరు దగ్గర ఉష్ణోగ్రత 111 డిగ్రీలు, 1.5 బార్‌కు అది సరిపోతుంది. పంపు ప్రవాహాన్ని బకెట్టు, త్రాసు, గడియారంతో సరిచూశాం, అదీ బాగానే ఉంది. కాబట్టి వేడి వైపు లెక్కలో ఒకటిన్నర శాతం మేరకు తప్పు దాగే చోటు లేదు.

తర్వాత నీటి వైపు. విడిపోయిన ఉప్పునీటిని కొలిచి, పంపు పంపిన దానిలోంచి తీసేస్తే ఆవిరి తెలియాలి. దీనికి వాళ్లు ఒక వి-నాచ్ పెట్టె కట్టారు, V ఆకారపు కోతలో నీటి ఎత్తును బట్టి ప్రవాహం తెలుస్తుంది. మన జిల్లాలో కొత్త బోరు దిగుబడి కొలిచేందుకు వాడే అదే రేకు, 90 డిగ్రీల కోత. భూతాప క్షేత్రాల్లోనూ ఆవిరిని చప్పుడు తగ్గించి గాలిలోకి వదిలే సైలెన్సర్ నుంచి బయటికి వచ్చే నీటిని ఇలాంటి కోత మీదుగానే పారించి కొలుస్తారు, ఆలోచనలో తప్పు లేదు. కానీ అక్కడ పారేది గంటకు టన్నుల్లో. ఇక్కడి ధారకు కోతలో నీటి ఎత్తు 18 మిల్లీమీటర్లు మాత్రమే. ఎత్తును రెండున్నర ఘాతానికి పెంచితే ప్రవాహం వస్తుంది కాబట్టి ఒక్క మిల్లీమీటరు తేడా పద్నాలుగు శాతం తప్పుగా మారుతుంది. పైగా అంత పలుచని ధార రేకు అంచును వదలకుండా అంటుకుని జారుతోంది. అసలు తీసివేత పద్ధతిలోనే ఒక ప్రమాదం ఉంది: నీటిలో ఒక శాతం తప్పితే ఆ తప్పు దాదాపు మొత్తం ఏడు శాతం ఆవిరి మీదే పడుతుంది. వి-నాచ్‌ను పక్కన పెట్టించాను.

అప్పుడే నా వృత్తిలోని పరీక్ష ఒకటి గుర్తొచ్చింది. బాయిలర్‌లో నీరు ఆవిరై పోతే ఉప్పు మిగిలి చిక్కబడుతుంది. క్లోరైడు ఎంత చిక్కబడిందో చూసి ఎంత బ్లోడౌన్ ఇవ్వాలో, అంటే చిక్కని నీటిని ఎంత బయటికి వదలాలో చెప్తాం. ఇక్కడా అంతే. ఆవిరి ఉప్పును తీసుకుపోదు. నూరు పాళ్ల ఉప్పునీటిలోంచి ఏడు పాళ్లు ఆవిరైతే మిగిలిన తొంభైమూడు పాళ్లలో మొత్తం ఉప్పంతా ఉంటుంది. సెపరేటరు నీటిలో క్లోరైడు ఎంత పెరిగిందో కొలిస్తే చాలు, మీటరు అవసరమే లేకుండా ఆవిరి వాటా తెలుస్తుంది. కెమిస్ట్రీ ల్యాబు వాళ్ల దగ్గర సిల్వర్ నైట్రేటు, బ్యూరెట్టు సిద్ధంగానే ఉన్నాయి.

ట్యాంకు నీటిలో కిలోకు 18.2 గ్రాముల క్లోరైడు. సెపరేటరు నీటిలో 19.9 గ్రాములు. లెక్కకు 8.5 శాతం ఆవిరి తేలింది.

ఆ సాయంత్రం ల్యాబులో సంబరం. బృందానికి పెద్దదిక్కుగా ఉన్న విద్యార్థిని, “సార్, తూకం 8.9 అంటున్నది, ఉప్పు 8.5 అంటున్నది. రెండు వేరు వేరు పద్ధతులు ఒకటే మాట చెప్తున్నయి. ఇంక స్టీమ్ టేబుల్స్ ఉప్పునీళ్లకు పనికిరావనే కదా అర్థం?” అని అడిగింది. అధ్యాపకుడు కూడా అటే మొగ్గారు. ఆ పరీక్షను సూచించింది నేనే కాబట్టి నాకు కాదనడం మరింత ఇబ్బందిగా ఉంది.

ఎందుకు నమ్మలేదు

ఆ రాత్రి నల్లగొండ నుంచి తిరిగి వస్తూ బస్సులో ఇదే ఆలోచించాను. రెండు కొలతలు కలిశాయి నిజమే. కానీ ఆ రెండూ కలిసి చెప్తున్నది అసాధ్యమైన మాట. 632 కిలోజౌళ్లతో బయల్దేరిన నీరు మధ్యలో ఎక్కడా వేడి అందుకోకుండా, పైగా గొట్టం గోడల గుండా కొంత పోగొట్టుకుంటూ, అంత ఆవిరిని పుట్టించలేదు. ఉప్పు వల్ల టేబుల్స్ మారతాయన్న వాదన నిజమే కానీ మార్పు ఎటువైపు అన్నది చూడాలి. ఉప్పునీటి విశిష్టోష్ణం, అంటే కిలోకు ఒక్కో డిగ్రీకి అది పట్టి ఉంచే వేడి, మంచినీటి కంటే తక్కువ, 3 శాతం ఉప్పుకు మూడు నాలుగు శాతం తగ్గుతుంది. మరిగే ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరుగుతుంది. రెండూ ఆవిరిని తగ్గించేవే. ఆ లెక్కన పైపరిమితి 7.4 కాదు, 7.1. అంటే ఉప్పును సాకుగా తెచ్చుకుంటే తేడా ఇంకా పెరుగుతుందే గాని తగ్గదు.

కాబట్టి రెండు కొలతలూ వేర్వేరు కారణాలతో ఒకే వైపు తప్పి ఉండాలి. మర్నాడు ఆ మాట చెప్తే ఎవరికీ రుచించలేదు. ఒక తప్పు ఉందంటే ఒప్పుకుంటారు గాని, రెండు తప్పులు ఒకే అంకె దగ్గర కలుసుకున్నాయంటే నమ్మించడం కష్టం. నమ్మించే ప్రయత్నం మానేసి, ఒక్కో కొలతను విడిగా పట్టుకున్నాం.

కండెన్సర్ తూకంలో అదనపు నీరు రావడానికి రెండే దారులు. ఒకటి, సెపరేటరులో నీటి తుంపరలు ఆవిరితో కలిసి పైకి పోవడం. బాయిలర్ భాషలో క్యారీ ఓవర్. రెండు, కండెన్సర్ లోపలి గొట్టానికి చిల్లుపడి చల్లబరిచే బోరు నీరు లోపలికి కారడం. అధ్యాపకుడి అనుమానం రెండోదాని మీద, కండెన్సర్ పాతది, మరో ప్రయోగం నుంచి తెచ్చింది. నాకు ఏదీ తోచలేదు. దారి చూపింది ల్యాబు అటెండరు. తూకం గిన్నె అంచున ఎండిన తెల్లచారను తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, “గిది బోరు నీళ్ల చార గాదు సార్. మా ఇంట్ల బకెట్లకు పట్టేది నిమ్మకాయ వెట్టి రుద్దినా పోదు. గిది చెయ్యి వెడితే పోయింది, ఉప్పే” అన్నాడు. నల్లగొండలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ రెండు చారల తేడా తెలుసు. ఆ గిన్నెను రోజూ చూస్తున్న మా అందరిలో దాన్ని తుడిచి చూసింది మాత్రం అతనొక్కడే.

చార సాక్ష్యమే కానీ కొలత కాదు, నిర్ధారణకు పరీక్ష కావాలి. ఇక్కడే ఆర్వో నీటికి మారడం కలిసొచ్చింది. లోపలి ఉప్పునీటిలో ఫ్లోరైడు లేదు, బయటి బోరు నీటిలో లీటరుకు 2.8 మిల్లీగ్రాములు ఉంది. 3.2 కిలోలలో అదనంగా కనిపిస్తున్న నీరంతా బోరు నీరే అయితే గిన్నె నీటిలో లీటరుకు అర మిల్లీగ్రాముకు పైగా ఫ్లోరైడు కనిపించి తీరాలి. నీటి పరీక్షలు చేసే వాళ్లకు నమూనా ఇస్తే జాడ కూడా లేదని చెప్పారు. దశాబ్దాలుగా ఈ నేల ఎముకలను వంచిన ఫ్లోరైడు, ఒక కండెన్సర్ నిర్దోషి అని సాక్ష్యం చెప్పడానికి పనికొస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. అదే గిన్నె నీటిలో క్లోరైడు కిలోకు 4.6 గ్రాములు ఉంది. ఆవిరి శుద్ధంగా వస్తే అది సున్నాకు దగ్గరగా ఉండాలి. క్యారీ ఓవర్ ఖాయమైంది.

ఇక క్లోరైడు పద్ధతి ఎక్కడ తప్పింది? దీనికి నేను నమూనా తీసే తీరును దగ్గరుండి చూడాల్సి వచ్చింది. సెపరేటరు అడుగున ఉన్న చిన్న వాల్వు తిప్పగానే నీరు బుసకొడుతూ బీకరులో పడింది, బీకరు పైన పొగలా ఆవిరి లేచింది. ఆ పొగే తప్పు. 111 డిగ్రీల నీరు గాలి ఒత్తిడిలోకి వచ్చి 100 డిగ్రీలకు దిగేలోపు మరో రెండు శాతం ఆవిరైపోతోంది, మిగిలింది మరింత చిక్కబడుతోంది. మేం కొలుస్తున్నది సెపరేటరులోని ఉప్పునీటిని కాదు, బీకరులో రెండోసారి మరిగి చిక్కబడిన ఉప్పునీటిని. బాయిలర్ నమూనా తీసేటప్పుడు ముందు చల్లార్చాలని మిల్లుల్లో కుర్రాళ్లకు నేనే చెప్తుంటాను. ఇక్కడ ఆ మాట నాకే గుర్తు రాలేదు. పరీక్ష సూచించి నమూనా తీయడం ఇతరులకు వదిలేయడం నా పొరపాటు.

ఫలించనివి, ఫలించినవి

నమూనా సంగతి సులువుగా తేలింది. ఏసీ మెకానిక్ దగ్గర 3 మీటర్ల పావు అంగుళం రాగి గొట్టం కొని, చుట్టగా చుట్టి, ఐసు వేసిన బకెట్టులో ముంచాం. ఇందులో ప్రాణం ఒక్క విషయంలో ఉంది: ధారను అదుపు చేసే వాల్వు చుట్టకు ముందు కాదు, తర్వాత ఉండాలి. ముందు ఉంటే ఒత్తిడి అక్కడే పడిపోయి నీరు చుట్టలోపలే మరుగుతుంది. తర్వాత ఉంటే ఒత్తిడి కిందనే చల్లబడి, మరగకుండా, చుక్క పోకుండా బయటికి వస్తుంది. పొగ రాలేదు. వచ్చిన నీరు చేతికి చల్లగా తగిలింది.

సిల్వర్ నైట్రేటును చుక్కచుక్కగా కలిపి క్లోరైడు కొలిచే టైట్రేషన్‌లోనూ ఒక మెలిక ఉంది. మొదట ఒక మిల్లీలీటరు నమూనా తీసుకునేవారు. అంత చిన్న నమూనాకు ఐదున్నర మిల్లీలీటర్ల సిల్వర్ నైట్రేటు సరిపోతుంది, అందులో ఒక గీత అటూ ఇటూ అయితే రెండు శాతం తప్పు. మేం వెతుకుతున్న తేడాయే అంత. పిపెట్టుతో కొలవడం మాని, 5 గ్రాములు తూకం వేసి తీయించాను, ఎందుకంటే ఉప్పునీటి సాంద్రత మారినా బరువు మోసం చెయ్యదు. అప్పుడు ట్యాంకు నీటికి 25.7 మిల్లీలీటర్లు, చల్లార్చిన సెపరేటరు నీటికి 27.5, చల్లార్చకుండా పట్టిన దానికి 28.1 ఖర్చయ్యాయి. సరైన సమాధానానికీ తప్పు సమాధానానికీ మధ్య దూరం అర మిల్లీలీటరు పైచిలుకు, బ్యూరెట్టు మీద ఆరు గీతలు. పసుపు రంగు ద్రవం ఇటుక రంగుకు తిరిగే చుక్క దగ్గర ఇద్దరు విద్యార్థులు విడివిడిగా చదివి, ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా రాసుకునే పద్ధతి అప్పుడే పెట్టాం. కొత్త అంకె 19.5 గ్రాములు, ఆవిరి వాటా 6.7 శాతం.

ఆ 6.7 వేడి లెక్కకూ సరిపోవాలి కదా. ఉప్పు లెక్కతో పైపరిమితి 7.1. గొట్టం ఎంత వేడి పోగొట్టుకుంటోందో తెలుసుకోవడానికి, నీటిని మరగనివ్వకుండా ఒత్తిడి కింద 111 డిగ్రీల దగ్గరే ప్రసరింపజేసి రెండు చివరల ఉష్ణోగ్రత చూశాం. 1.6 డిగ్రీలు తగ్గింది, అంటే దాదాపు 400 వాట్లు. ఆవిరి లెక్కలో అది 0.3 శాతం. 7.1లోంచి అది పోతే 6.8. తూకం గిన్నె లెక్కను కూడా సరిదిద్దాం: 3.2 కిలోలలో కిలోకు 4.6 గ్రాముల క్లోరైడు ఉందంటే, 19.5 గ్రాముల ఉప్పునీరు అందులో దాదాపు 0.75 కిలోలు కలిసిందని. మిగిలిన అసలు ఆవిరి 2.45 కిలోలు, మళ్లీ 6.8 శాతం. వేడి లెక్క, చిక్కబడిన ఉప్పు, సవరించిన తూకం ఇలా దాదాపు ఒకే చోటికి వచ్చాయి. ఈసారి కలిసినప్పుడు సంబరం లేదు. కలిసిన అంకెలు ఒకసారి మోసం చేసి ఉన్నాయి కాబట్టి, మరో రెండు ఉష్ణోగ్రతల దగ్గర కూడా చూశాకే పత్రంలోకి ఎక్కించారు.

క్యారీ ఓవర్‌ను ఆపడం ఇంతకంటే ఎక్కువ రోజులు తీసుకుంది. లెక్కలో సవరించుకోవచ్చు కదా అని ఒక విద్యార్థి వాదించాడు. నాకు నచ్చలేదు. ఇవాళ్టి సవరణ రేపు ప్రవాహం మారితే పనిచేయదు. పైగా నిజమైన కేంద్రంలో ఆ ఉప్పు తుంపరలు టర్బైను రెక్కల మీద పేరుకుంటాయి, అక్కడ లెక్కతో సవరించేది ఏమీ ఉండదు.

మొదట వాళ్లు ఆవిరి బయటికి పోయే చోట గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కారు. క్లోరైడు 4.6 నుంచి 2.9కి తగ్గింది గాని, పీచు నీటితో నిండి సెపరేటరు ఒత్తిడి ఊగిసలాడింది. పీచు మంచులాంటి సన్నని తుంపరను పట్టగలదు. ఇక్కడ పైకి పోతున్నది తుంపర కాదని అప్పుడు అర్థమైంది. సెపరేటరు లోపల ఆవిరి పైకి పోయే సగటు వేగం లెక్కగడితే సెకనుకు 0.6 మీటర్లే, అంత నెమ్మదైన ఆవిరి నీటిని ఎత్తుకుపోదు. అయితే సగటు అనేది ప్రశాంతంగా పారే ప్రవాహానికి సంబంధించిన మాట. గాజు ముక్క దగ్గర కూర్చుని పది నిమిషాలు చూస్తే అసలు సంగతి కనిపించింది. అడుగున పలుచగా పారుతున్న నీటి మీద అలలు, వాటి మీదుగా దూసుకుపోతున్న ఆవిరి, నాలుగైదు సెకన్లకోసారి గొట్టమంతా తెల్లగా మూసుకుని గుభేలున దాటిపోయే ఒక నీటి ముద్ద.

ఆ ముద్దలు పుట్టే చోటు సెపరేటరుకు ముందున్న 1.2 మీటర్ల నిలువు గొట్టం. స్థలం సరిపోక సెపరేటరును బల్ల మీద ఎత్తుగా బిగించారు. నీరు పైకెక్కలేక నిలువు గొట్టం అడుగున పోగవుతుంది, దారి మూసుకుపోగానే ఆవిరి ఆగి, ఆ తర్వాత పోగైన నీటినంతా ఒక్క తోపుతో సెపరేటరులోకి విసురుతుంది. దీనికి తోడు నీటి మట్టం. సెపరేటరు లోపలి నీటిమట్టం చూపే గేజ్ గ్లాసులో మట్టం సగం దగ్గర ఉండేలా పెట్టుకున్నారు. బాయిలర్ పనివాళ్లకు తెలిసిన విషయం ఒకటుంది: గ్లాసులో ఉన్నది చల్లారిన, బుడగలు లేని, బరువైన నీరు, లోపల ఉన్నది బుడగలతో ఉబ్బిన నీరు. గ్లాసు చూపించే దానికంటే లోపలి మట్టం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఉబ్బిన నీటి మీద ముద్ద వచ్చి పడితే అది నేరుగా ఆవిరి దారిలోకి చిమ్ముతుంది.

సెపరేటరును నేల మీదికి దించి, గొట్టం దానివైపు కొద్దిగా వాలుగా ఉండేలా మళ్లీ వేయించాం. ఆ వెల్డింగుకు, పరీక్షకు పది రోజులు పట్టింది, పిల్లల పరీక్షల మధ్య కాబట్టి అందరూ విసుక్కున్నారు. మట్టాన్ని 80 మిల్లీమీటర్లు దించాం. తర్వాతి పరుగులో గిన్నె నీటి క్లోరైడు కిలోకు 0.12 గ్రాములు. తూకం ఏ సవరణా లేకుండా 2.47 కిలోలు.

ఒత్తిడి నష్టం సంగతి చివర్లో చూశాం. 6.8 శాతంతో లాక్‌హార్ట్, మార్టినెల్లి సూత్రం 3 మీటర్లకు 1.26 కిలోపాస్కల్ ఇచ్చింది, గేజీలో వచ్చింది 1.35. ఉప్పు గుణకం అక్కడితో అవసరం లేకుండా పోయింది. ఇంత చిన్న ఒత్తిడిని కొలిచేటప్పుడు గేజీకి పోయే సన్న గొట్టాల్లో పది సెంటీమీటర్ల మేర నీటి బదులు ఆవిరి ఉన్నా ఒక కిలోపాస్కల్ తప్పు వస్తుందని, ప్రతి పరుగుకు ముందు వాటిని నీటితో నింపి గాలి తీసే పనిని అటెండరు చూసుకుంటున్నాడు.

పత్రంలో రెండు మార్పులు జరిగాయి. గుణకం పోయింది. దాని చోట నమూనా చల్లార్చిన తీరు, వాల్వు ఎటువైపు ఉందన్న బొమ్మ, గిన్నె నీటి క్లోరైడు అంకె వచ్చి చేరాయి. ఇప్పుడు ప్రతి పరుగుకూ గిన్నె నీటిని పరీక్షించడం తప్పనిసరి చేశారు, కిలోకు 0.2 గ్రాములు దాటితే ఆ పరుగును లెక్కలోకి తీసుకోరు. ఆ హద్దు నేను పెట్టిందే. దానికి సిద్ధాంతమేమీ లేదు, ఆవిరిలో కలిసిన నీరు ఒక శాతం దగ్గర ఆగాలన్న ఉద్దేశం మాత్రమే.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. నీటిని 130 డిగ్రీలకు తగ్గించి ఆవిరి వాటాను మూడు, నాలుగు శాతానికి దించితే, వాలు గొట్టంలోనూ నీటి ముద్దలు మళ్లీ మొదలవుతున్నాయి. గిన్నె క్లోరైడు ఒక పరుగులో 0.1, అదే అమరికతో మరుసటి పరుగులో 0.9 వస్తోంది. వాల్వు దగ్గరే ముద్దలు పుడుతున్నాయా, పంపు ఊపు వల్లా అన్నది తేల్చడానికి పంపుకూ హీటరుకూ మధ్య ఆ ఊపును మింగే ఒక గాలి గది బిగిస్తున్నారు. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి, ఐసు నేనే తెస్తానని చెప్పాను.